ఆటిజం: నింద నుంచి చట్టం దాకా

బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యుడు లియో కానర్ 1943లో 11 మంది పిల్లలను పరిశీలించి, ఇతరులతో కలవలేకపోవడం, చిన్న మార్పునూ సహించలేకపోవడం ఆటిజం లక్షణాలని వర్ణించినా, తల్లి ప్రేమ కొరవడటమే దీనికి మూలమన్న వాదం ఆ తర్వాత చాలాకాలం చెలామణి అయి, ఎందరో తల్లులను అన్యాయంగా దోషులను చేసింది. ఆటిజం ఉన్న బాలుడికి తండ్రి అయిన మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో వెలువరించిన గ్రంథం, దీని మూలాలు మెదడులో ఉన్నాయని వాదించి ఆ నిందను బలంగా ఎదిరించింది.

భారతదేశంలో 1984లోనే సికింద్రాబాద్‌లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ ఏర్పడినా, 1995 నాటి వికలాంగుల చట్టం ఆటిజాన్ని ప్రత్యేక వైకల్యంగా పేర్కొనలేదు; 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం దాన్ని చేర్చి, సంరక్షకుల నియామకానికి, అంటే పెద్దయ్యాక కూడా తోడు అవసరమైనవారి బాధ్యతను చట్టబద్ధంగా అప్పగించడానికి వీలు కల్పించగా, విద్య, ఉపాధి హక్కులతో కూడిన గుర్తింపు 2016 చట్టంతో దక్కింది.