వడ్డేశ్వరం గేటు దాటాల్సిన చదరంగం

ప్రకాశం బ్యారేజీ దిగగానే వచ్చే తాడేపల్లి మా ఊరు. ఒకపక్క సీతానగరం కొండ, ఉండవల్లి గుహలు, ఇంకోపక్క వడ్డేశ్వరం. అక్కడ 1980లో మొదలైన కోనేరు లక్ష్మయ్య ఇంజనీరింగ్ కాలేజీ 2009లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది.

ఈ చుట్టుపక్కల చదరంగం చాలాకాలం అరుగుల మీది ఆట. ఆ నాటు పద్ధతిలో బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే నడిచేది. కోట కట్టడం లేదు. దానికి బదులు, షా తగలని రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. పెద్దల దగ్గర ఇలా నేర్చుకున్న పిల్లాడు టోర్నీకి వెళ్తే కొత్త నియమాలతో పాటు గడియారాన్నీ అలవాటు చేసుకోవాలి. ముట్టుకున్న పావునే ఆడాలి, ప్రతి ఎత్తూ కాగితం మీద రాసుకోవాలి.

అయినా ఈ నేల నుంచి ఎంతమంది వచ్చారో చూడండి. గుంటూరులో 1986లో పుట్టిన పెంటేల హరికృష్ణకు నాలుగేళ్ల వయసులో ఆట నేర్పింది తాతయ్యే. 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి కోసం తండ్రి అశోక్ ఉద్యోగమే వదులుకున్నారు. 2002లో, పదిహేనేళ్లు నిండిన రెండు నెలల లోపే, ఆమె గ్రాండ్‌మాస్టర్ హోదా అందుకుంది. అప్పటికి ప్రపంచంలో అంత చిన్న వయసులో ఆ హోదా పొందిన మహిళ లేదు. గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక 2011లో, విజయవాడ అబ్బాయి లలిత్ బాబు 2012లో గ్రాండ్‌మాస్టర్లయ్యారు. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో భారత్ రెండు విభాగాల్లోనూ స్వర్ణం గెలిస్తే, ఒక జట్టులో హరికృష్ణ, ఇంకో జట్టులో హారిక ఉన్నారు.

వీళ్లలో ఎవరి ఆటా క్యాంపస్‌లో మొదలుకాలేదు. మొదట్లో భారం ఇంటివాళ్లే మోశారు. మోయలేని ఇళ్ల సంగతే నన్ను బాధిస్తుంది. పదో తరగతి దాకా రేటింగ్ కోసం ఊరూరా తిరిగిన పిల్లల బోర్డు ఇంటర్ రాగానే అటకెక్కుతుంది. ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, వారాంతపు పరీక్షలు, ఎంట్రన్సు బెంగ. రెండేళ్లు గడిచేసరికి ఓపెనింగులు మరిచిపోతారు, ఆడే స్నేహితులు చెల్లాచెదురవుతారు. తప్పు వాళ్లది కాదు. ఆ ఆట మళ్లీ చిగురించగల మొదటి చోటు యూనివర్సిటీయే. హాస్టల్లో సాయంత్రాలుంటాయి, ఎదుట కూర్చునేవాళ్లుంటారు, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలుంటాయి.

యూనివర్సిటీ తలచుకుంటే ఏమవుతుందో ఒక ఉదాహరణ చూడండి. మన నేలలాగే పత్తి పండే చోటు అమెరికాలోని లబ్బక్. అక్కడి టెక్సస్ టెక్ యూనివర్సిటీలో కోచ్ సుసాన్ పోల్గార్ 2007లో చదరంగ సంస్థ పెట్టారు. ఉపకార వేతనాలతో ఆటగాళ్లను రప్పించారు. 2011, 2012ల్లో ఆ జట్టు అమెరికా కళాశాలల టైటిల్ గెలిచింది. అదే 2012లో ఆమె జట్టుతో సహా సెయింట్ లూయిస్ దగ్గరి వెబ్‌స్టర్ యూనివర్సిటీకి వెళ్లిపోయారు. గెలుపు పెద్దదే. కానీ కోచ్‌తో వచ్చిన జట్టు కోచ్‌తోనే పోవచ్చు. ఊళ్లో నేర్చుకున్న పిల్లలు మాత్రం ఊళ్లోనే ఉంటారు.

అందుకే ట్రోఫీల కన్నా ముందు ఆదివారం పూట ఒక హాలు తలుపు తెరవమని మన క్యాంపస్‌లను అడుగుతాను. ఉండవల్లి, పెనుమాక, కుంచనపల్లి బడుల పిల్లలు రావాలి. బీటెక్ విద్యార్థులు ఎదురుగా కూర్చుని నేర్పాలి. వినైల్ బోర్డులు, ప్లాస్టిక్ పావులు, కొన్ని గడియారాలు చాలు. లేబొరేటరీలో ఒక్క యంత్రానికయ్యే ఖర్చులో ఈ ఆదివారపు ఆట ఏళ్ల తరబడి నడుస్తుంది. ఎత్తులు రాసే కాగితాలు దాచి, ఏటేటా ఒక పుస్తకంగా కుట్టి ఊరి గ్రంథాలయానికి ఇస్తే, ఏ పిల్లాడు ఎక్కడ గుర్రం పోగొట్టుకున్నాడో, మరుసటేడు అదే స్థితిలో ఎలా నిలబడ్డాడో తర్వాతివాళ్లు ఆడి చూసుకోవచ్చు.