వైకింగ్ అంటే జాతి పేరు కాదు, పని పేరు

మనం రోజూ వాడే బ్లూటూత్ పేరు పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్‌ది. ఆ గుర్తు కూడా ఆయన పేరులోని రెండు పొడి అక్షరాలు కలిపి గీసిందే. ఇది మనలో చాలామందికి తెలుసు. మరి ఆ వైకింగులు ఎలా బతికారు అంటే మాత్రం కొమ్ముల టోపీ దగ్గరే ఆగిపోతాం. ఆ కొమ్ములేమో 1876లో వాగ్నర్ ఒపేరాకి గీసిన దుస్తుల పుణ్యం! 1943లో నార్వేలో దొరికిన అసలు ఇనప టోపీకి కొమ్ముల్లేవు.

పాత నార్స్ భాషలో "వైకింగ్‌కి వెళ్ళడం" అంటే పడవెక్కి దోపిడీకి పోవడం. మనం ఆన్‌సైట్‌కి వెళ్ళినట్టన్నమాట :) మిగతా రోజుల్లో వీళ్ళు బార్లీ పండించుకుంటూ, గొర్రెలు కాసుకుంటూ, చేపలు పట్టుకుంటూ బతికిన రైతులు. పాపం సాగుభూమి చాలక వెళ్ళారంటారు గానీ, నా మటుకు నాకు అది సరిపోదనిపిస్తుంది. భూమి కొరత అంతకుముందూ ఉంది కదా. ఎనిమిదో శతాబ్దం నాటికి కొత్తగా వచ్చింది తెరచాప. అంతకుముందు అక్కడివాళ్ళవి తెడ్ల పడవలే. పైగా కాపలా లేని మఠాలు ఎక్కడున్నాయో వర్తకం కోసం తిరిగేవాళ్ళ ద్వారా తెలుస్తూనే ఉంటుంది. 793 జూన్‌లో ఇంగ్లండ్ తీరాన లిండిస్‌ఫార్న్ మఠం మీద పడ్డారు.

ఇక పడవ సంగతి. 1880లో నార్వేలోని గోక్‌స్టాడ్‌లో మట్టిదిబ్బ తవ్వితే ఒకటి దొరికింది. 23 మీటర్ల పొడవు, పక్కకి 16 చొప్పున తెడ్ల రంధ్రాలు. ఓక్ పలకల్ని ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కేలా ఇనప మేకులతో బిగించారు. అల తగిలితే పడవ విరగదు, కాస్త వంగుతుంది. మీటరు లోతు నీళ్ళుంటే చాలు, నదిలోకి కూడా దూరిపోతుంది. అదే నమూనాలో కట్టిన పడవ 1893లో అట్లాంటిక్ దాటి చికాగో ప్రదర్శనకి వెళ్ళింది. తెరచాప మాత్రం ఉన్నిది. అంత ఉన్ని వడికి నెయ్యడమంటే ఎంతోమంది ఆడవాళ్ళ నెలల తరబడి కష్టం. సినిమాల్లో గొడ్డళ్ళే తప్ప మగ్గాలు ఎప్పుడైనా చూశారా?

వైకింగ్ అభిమానులు దాటేసే విషయం ఇంకోటుంది.. బానిసలు. 841లో వాళ్ళు డబ్లిన్‌లో వేసుకున్న స్థావరం తర్వాత పెద్ద బానిసల బజారైంది. తూర్పున స్లావ్ ప్రజల్ని పట్టుకుని, జంతు చర్మాలతో పాటు నదుల మీదుగా తీసుకెళ్ళి అమ్మి వెండి తెచ్చుకున్నారు. 1999లో స్వీడన్‌కి చెందిన గోట్లండ్ దీవిలో ఒక పొలంలో 67 కిలోల వెండి బయటపడింది. అందులో 14 వేలకి పైగా నాణేలు, దాదాపు అన్నీ అరబ్బుల దిర్హములే!

ఐస్‌లాండ్ వాళ్ళ జన్యువులు పరిశీలిస్తే మరీ స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ మొదట స్థిరపడిన మగవాళ్ళలో ఎక్కువమంది నార్వే వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఆడవాళ్ళలో సగానికి పైగా స్కాట్లండ్, ఐర్లండ్ వాళ్ళు. కొందరు పెళ్ళి చేసుకుని వచ్చుండొచ్చు. అందరూ ఇష్టపడే పడవెక్కారంటే మాత్రం నేను నమ్మను.