వసంతకాలపు స్కీ యాత్ర

వసంతకాలపు స్కీ యాత్ర అనగా చలికాలం ముగిసి మంచు కరగనారంభించిన రోజులలో, రోప్‌వేల సహాయం లేకుండా, స్కీలు తొడుక్కొని కొండ ఎక్కి తిరిగి జారుతూ దిగడం. ఎక్కేటప్పుడు వెనక్కు జారకుండా స్కీల అడుగున నూగు గల పట్టీలు అంటిస్తారు. పూర్వం ఇవి సీల్ చర్మంతో చేసేవారు. ఇప్పుడు నైలాన్, మొహేర్‌తో చేస్తున్నారు. ఆల్ప్స్‌లో షమోనీ నుండి జెర్మాట్ వరకు గల దారి ఇందుకు ప్రసిద్ధి చెందినది. భారతదేశంలో గుల్‌మార్గ్, ఔలీ ముఖ్యమైన స్కీ కేంద్రాలు.

తెలుగులో మంచు అన్న మాట పొగమంచుకు, ఆకులపై తేమకు, హిమానికి కూడా చెల్లుతుంది. నడిగడ్డలోని అయిజ వంటి చోట్ల శీతాకాలపు ఉదయం కనిపించేది పొగమంచే. ఆ ప్రాంతానికి ఇరువైపులా ఉన్న కృష్ణా, తుంగభద్రల వరద కూడా వానలదే, కరిగిన హిమానిది కాదు. ఈ వ్యాసంలో మంచు అనగా హిమం.

== మంచు తీరు ==
పగటి ఎండకు పైపొర కరిగి, రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే తిరిగి గడ్డకడుతుంది. ఇలా పలుమార్లు జరిగాక మంచు జొన్న గింజల వంటి గుండ్రని రేణువులుగా మారుతుంది. తెల్లవారుజామున అది రాయిలా ఉంటుంది. ఎండ తగిలిన కొద్దిసేపటికి పైన ఒకటి రెండు అంగుళాలు మెత్తబడుతుంది. స్కీలకు అనువైన వేళ అదే. ఉత్తరార్ధగోళంలో మొదట తూర్పు వాలు, తరువాత దక్షిణం, చివరకు పడమర వాలు మెత్తబడతాయి. రాత్రి మబ్బు కమ్మితే వేడి బయటకు పోక, మంచు సరిగా గడ్డకట్టదు. అటువంటి రోజున యాత్ర మానుకోవడమే మేలు.

== ప్రమాదాలు ==
ఎండ ముదిరేకొద్దీ కరిగిన నీరు లోపలికి ఇంకి రేణువుల పట్టు సడలిస్తుంది. అప్పుడు వాలు మొత్తం జారిపడవచ్చు. మంచు చరియలు ఎక్కువగా 30 నుండి 45 డిగ్రీల వాలులలో విరిగిపడతాయి. కాలు చీలమండ దాటి దిగబడటం, మంచు ఉండలు వాటంతటవే దొర్లడం హెచ్చరికలు. అందుకే చీకటితోనే బయలుదేరి మధ్యాహ్నానికి ముందే దిగుతారు. శిఖరపు అంచున చూరులా వేలాడే మంచు కూడా ఎండకు తెగిపడుతుంది. యాత్రికులు 457 కిలోహెర్ట్జ్ సంకేతం పంపే పరికరం, పొడవాటి కడ్డీ, పార వెంట ఉంచుకుంటారు. పూడుకుపోయినవారిని మొదటి పది పదిహేను నిమిషాలలో వెలికితీస్తే బ్రతికే అవకాశం ఎక్కువ. అరగంట దాటితే బాగా తగ్గిపోతుంది. సహాయక దళం అంతలో చేరడం అరుదు గనుక, తోటివారే తవ్వాలి.

== ఎవరెస్టు, 2014 ==
ఎవరెస్టు ఆరోహణ స్కీ యాత్ర కాకున్నా, అది ఎక్కువగా జరిగేదీ వసంతంలోనే. 2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు మంచుపాతం మీద మంచుగడ్డలు కూలి 16 మంది నేపాలీ పర్వత సహాయకులు మరణించారు. అప్పటికి ఉదయం ఏడు కూడా కాలేదు. కూలినది ఎండకు నానిన మంచు కాదు, పై వాలున వేలాడుతున్న హిమానీనదపు గడ్డ. వేకువ ప్రయాణం దాని నుండి కాపాడలేదు. అదే సంవత్సరం మే 25న తెలుగు విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ టిబెట్ వైపు నుండి ఎవరెస్టు శిఖరం చేరారు. ఖుంబు దారి ఆ వైపున తగలదు.