వాణిజ్య లోటు అంటే ఏంటి? గోదావరి రైతుకు, వంటింటికి దానితో పనేంటి?

ప్రతి నెలా 15వ తేదీకి అటూ ఇటూగా ఒక వార్త వస్తుంది. దేశ వాణిజ్య లోటు పెరిగిందనో, తగ్గిందనో. బిలియన్ డాలర్ల లెక్కలు మనకెందుకులే అని చాలామంది దాటేస్తారు. కానీ భీమవరంలో రొయ్యల కౌంట్ ధర, కాకినాడ రేవులో బియ్యం ఎగుమతులు, మీ ఇంట్లో పామాయిల్ ప్యాకెట్ ధర, ఈ మూడూ ఆ లెక్కలో ఉన్నవే. అందుకే దీన్ని మన గోదావరి జిల్లాల ఉదాహరణలతోనే చూద్దాం.

లోటు అంటే ఏమిటి?

మన దేశం బయటి దేశాలకు అమ్మేది ఎగుమతి. బయటి నుంచి కొనేది దిగుమతి. అమ్మినదాని విలువ ఎక్కువైతే మిగులు, కొన్నదాని విలువ ఎక్కువైతే లోటు.

2024-25 ఆర్థిక సంవత్సరంలో భారత్ సుమారు 437 బిలియన్ డాలర్ల సరుకులు ఎగుమతి చేసింది. సుమారు 720 బిలియన్ డాలర్ల సరుకులు దిగుమతి చేసుకుంది. తేడా 283 బిలియన్ డాలర్లు. బిలియన్ అంటే వంద కోట్లు. ఆ ఏడాది సగటు మారకపు రేటు ప్రకారం రూపాయల్లో ఇది దాదాపు 24 లక్షల కోట్లు.

ఇంత లోటు ఎందుకు?

మొదటి కారణం ముడి చమురు. మన అవసరంలో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తోంది. కాకినాడ తీరానికి దూరంగా, కృష్ణా-గోదావరి బేసిన్ సముద్ర గర్భం నుంచి గ్యాస్, చమురు తీస్తున్నా దేశం వాడకానికి అవి చాలవు. 2024-25లో పెట్రోలియం దిగుమతుల బిల్లే సుమారు 186 బిలియన్ డాలర్లు. ఆ తర్వాత ఎలక్ట్రానిక్స్ సరుకులు, బంగారం. బంగారం ఒక్కదానికే సుమారు 58 బిలియన్ డాలర్లు చెల్లించాం. వంటనూనెల బిల్లు మరో 17 బిలియన్ డాలర్ల దాకా ఉంది.

మరి ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

సరుకుల లోటు ఒక్కటే చూస్తే దేశం దివాలా తీస్తుందేమో అనిపిస్తుంది. కానీ ఖాతాలో ఇంకా పద్దులున్నాయి. సాఫ్ట్‌వేర్ వంటి సేవల వ్యాపారంలో 2024-25లో మనకు సుమారు 189 బిలియన్ డాలర్ల మిగులు వచ్చింది. విదేశాల్లో ఉన్న మనవాళ్లు పంపిన డబ్బు సుమారు 135 బిలియన్ డాలర్లు. కోనసీమ, నరసాపురం ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లి ఇళ్లలో పనిచేస్తున్న ఆడపడుచులు నెలనెలా పంపే సొమ్ము కూడా ఇందులోదే.

మరోవైపు విదేశీ కంపెనీలు ఇక్కడ సంపాదించిన లాభాలు, మనం తీసుకున్న అప్పులపై వడ్డీలు బయటికి పోతాయి. అన్నీ కలిపి చూస్తే మిగిలేది ‘కరెంటు ఖాతా లోటు’. 2024-25లో అది సుమారు 23 బిలియన్ డాలర్లు, అంటే దేశ జీడీపీలో 0.6 శాతమే.

పాత అనుభవం వేరు. 1991లో విదేశీ మారక నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితికి పడిపోయాయి. అప్పుడు రిజర్వ్ బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశాల్లో తాకట్టు పెట్టాల్సి వచ్చింది. 2025 మార్చి నాటికి నిల్వలు 660 బిలియన్ డాలర్లు దాటాయి. కాబట్టి లోటు ఉందా లేదా అన్నదాని కంటే, దాన్ని చెల్లించే దారి ఉందా అన్నదే ముఖ్యం.

రొయ్య: మిగులు తెచ్చే పంట, ఒకే కొనుగోలుదారు మీద ఆధారం

2024-25లో దేశం నుంచి రూ.62,408 కోట్ల విలువైన సముద్ర ఉత్పత్తులు ఎగుమతయ్యాయి. అందులో సింహభాగం గడ్డకట్టించిన రొయ్యలదే. రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. భీమవరం, ఉండి, ఆకివీడు, అమలాపురం చుట్టూ వరి చేలు చెరువులుగా మారింది ఈ డాలర్ల కోసమే.

అయితే ఎగుమతిలోనూ దిగుమతి దాగి ఉంటుంది. మనం పెంచే వనామీ మన రొయ్య కాదు. దాని సాగుకు మన దేశంలో 2009లో అనుమతి వచ్చింది. హేచరీలకు కావలసిన తల్లి రొయ్యలను అమెరికా నుంచి తెప్పించి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించాకే ఇస్తారు. అందుకే 2024 జులై బడ్జెట్‌లో తల్లి రొయ్యలపై, మేతపై దిగుమతి సుంకాన్ని 5 శాతానికి తగ్గించారు. దిగుమతి సుంకం తగ్గితే ఎగుమతి ఖర్చు కూడా తగ్గుతుందన్నది ఇక్కడి లెక్క.

అసలు చిక్కు కొనేవాళ్ల దగ్గర ఉంది. మన రొయ్యలకు అతిపెద్ద మార్కెట్ అమెరికా. ఆ దేశంతో మొత్తం సరుకుల వ్యాపారంలో 2024-25లో మనకు సుమారు 41 బిలియన్ డాలర్ల మిగులు ఉంది. మనకు మిగులంటే వాళ్లకు లోటు. ఆ లోటును కారణాల్లో ఒకటిగా చూపి 2025 ఆగస్టు 7 నుంచి అమెరికా మన సరుకులపై 25 శాతం సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నామంటూ ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం కలిపింది. రొయ్యలపై అప్పటికే ఉన్న యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు దీనికి అదనం. అదే సమయంలో మన ప్రధాన పోటీదారు ఈక్వెడార్‌పై వేసింది 15 శాతమే. ఎగుమతిదారులు చెరువు గట్టు మీద ధర తగ్గించారు. మేత, సీడు, కరెంటు ఖర్చు మాత్రం తగ్గలేదు. వాషింగ్టన్‌లో నిర్ణయం తీసుకుంటే ఉండి రైతు నష్టపోయింది ఇలాగే.

బియ్యం: సర్కారు తలుపు మూసినప్పుడు

కాకినాడ నుంచి బియ్యం, ముఖ్యంగా ఉప్పుడు బియ్యం, పశ్చిమ ఆఫ్రికా దేశాలకు ఓడల్లో వెళ్తుంది. దేశంలో ధరలు పెరుగుతున్నాయని కేంద్రం 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆగస్టులో ఉప్పుడు బియ్యంపై 20 శాతం ఎగుమతి సుంకం వేసింది. నిషేధం 2024 సెప్టెంబరులో, సుంకం ఆ మరుసటి నెలలో తొలగాయి. ధర అదుపులో ఉంటే కొనుక్కు తినేవారికి మేలు. కానీ మిల్లర్లకు, రేవు కూలీలకు పని తగ్గుతుంది, ధాన్యం రైతుకు బయటి ధర అందదు.

పామాయిల్: ఒకే సుంకం, రెండు ముఖాలు

దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. ఇండోనేసియా, మలేసియాల నుంచి ముడి పామాయిల్ కాకినాడకు ఓడల్లో వచ్చి, అక్కడి రిఫైనరీల్లో శుద్ధి అయి ప్యాకెట్లలోకి చేరుతుంది. మరోవైపు ఆయిల్‌పామ్ సాగులో దేశంలో ముందున్నదీ మన రాష్ట్రమే. జాతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్నది కూడా పాత పశ్చిమ గోదావరిలోని పెదవేగిలోనే. గెలల ధరను ముడి నూనె ధరతో ముడిపెట్టి నిర్ణయిస్తారు.

2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్‌పై సున్నా ఉన్న మూల దిగుమతి సుంకాన్ని 20 శాతం చేసింది. గెలలు అమ్మే రైతుకు అది ఊరట. నూనె కొనే ఇల్లాలికి భారం. 2025 మే 30న దాన్ని 10 శాతానికి తగ్గించారు. ఈసారి ఊరట వంటింటికి, గుబులు తోటకు. ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఈ ఇద్దరూ ఉంటారు.

రూపాయి పడితే ఎవరికి లాభం?

డాలర్ విలువ పెరిగితే ఎగుమతిదారుకు అదే సరుకుపై ఎక్కువ రూపాయలు వస్తాయి. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బూ పెరుగుతుంది. కానీ డీజిల్, వంటనూనె, బంగారం ప్రియమవుతాయి. చెరువులో ఏరియేటర్లకు జనరేటర్ నడిపే రైతుకు ఒక చేత్తో వచ్చింది రెండో చేత్తో పోతుంది.

వార్త చూసినప్పుడు ఏం గమనించాలి?

* చెబుతున్నది సరుకుల లోటా, సేవలు కూడా కలిపిన లెక్కా?
* దిగుమతి పెరిగింది దేనివల్ల? యంత్రాలు, ముడి సరుకు కొంటే రేపటి ఉత్పత్తికి పనికొస్తాయి. చమురు ధర పెరగడం వల్లనైతే వచ్చేది భారమే.
* పోల్చింది పోయిన నెలతోనా, నిరుడు ఇదే నెలతోనా? పండగల ముందు బంగారం కొనుగోళ్లు పెరుగుతాయి కాబట్టి నిరుటి ఇదే నెలతో పోల్చడమే సరైనది.
* ఎగుమతి పెరిగిందంటే, ఆ పెరుగుదల చెరువు గట్టు దాకా, కల్లం దాకా వచ్చిందా?

నెలవారీ అంకెలను కేంద్ర వాణిజ్య శాఖ విడుదల చేస్తుంది. కరెంటు ఖాతా వివరాలను మూడు నెలలకోసారి రిజర్వ్ బ్యాంకు ప్రకటిస్తుంది. రెండూ ఆయా వెబ్‌సైట్లలో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

మీరే స్వయంగా ఏదైనా విదేశాలకు అమ్మాలనుకుంటే, నరసాపురం లేసు అల్లికలే అనుకోండి, ముందుగా కావలసింది దిగుమతి-ఎగుమతి కోడ్. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ వెబ్‌సైట్‌లో పాన్, బ్యాంకు ఖాతా వివరాలతో దరఖాస్తు చేసుకోవచ్చు. రుసుము రూ.500. చిన్న పార్సిళ్లు పంపేవారికి తపాలా శాఖ ‘డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు’ నడుపుతోంది. మీకు దగ్గర్లో ఎక్కడ ఉందో హెడ్ పోస్టాఫీసులో అడగండి.