గాలిని కోరే నీలి వాండా

ఆర్కిడ్లలో నీలి రంగు అరుదు కావడం వల్ల, మేఘాలయలోని ఖాసీ కొండల్లో చెట్ల కొమ్మలపై పూసే నీలి వాండా పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో సంపన్నులైన పుష్పప్రియులను విశేషంగా ఆకర్షించింది. విలియం గ్రిఫిత్ 1837లో ఆ కొండల్లో కనుగొన్న ఈ మొక్కను 1847లో జాన్ లిండ్లీ ‘వాండా సెరూలియా’ అనే శాస్త్రీయ నామంతో వర్ణించాడు. ఇది వృక్షోపజీవి, అంటే చెట్టును ఆధారం చేసుకొని పెరిగినా దాని రసాన్ని పీల్చని మొక్క; దీని వేళ్లు గాలిలో వేలాడుతూ, తమను కప్పి ఉన్న వెలమెన్ అనే మెత్తని తెల్లని పొరతో వాననీటిని గ్రహిస్తాయి.

1850లో ఖాసీ కొండల్లో పర్యటించిన వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ లండన్‌లోని క్యూ ఉద్యానవనం కోసం ఏడుగురు కూలీలు మోసేటన్ని మొక్కలు సేకరించినా, ప్రాణంతో ఇంగ్లండు చేరినవి కొద్ది మాత్రమే. మరొకరు పంపిన ఒక్క మనిషి మోత సరుకు దారిలో బాగా దెబ్బతిన్నప్పటికీ 300 పౌండ్లు పలికిందని, ఒక్కో మొక్క 3 నుంచి 10 పౌండ్ల వరకు అమ్ముడుపోయిందని హుకర్ తన ‘హిమాలయన్ జర్నల్స్’లో నమోదు చేశాడు. ఓక్ చెట్లపై ఎండకు, గాలికి, శీతాకాలపు చలికి అలవాటుపడిన ఈ మొక్కను ఇంగ్లండులో వేడి, ఉక్క నిండిన గాజు గృహాల్లో పెంచడం దాని సహజ జీవనానికి పూర్తిగా విరుద్ధమని కూడా ఆయన గుర్తించాడు.

ఆర్కిడ్ విత్తనాలు ధూళి కణాలంత చిన్నవై, మొలకకు కావలసిన ఆహార నిల్వ లేక, ప్రకృతిలో ఒక రకం శిలీంధ్రంపై ఆధారపడతాయి కనుక, తోటల్లో వాటిని మొలకెత్తించడం చాలాకాలం దుస్సాధ్యంగా ఉండి, గిరాకీ భారమంతా అడవిపైనే పడింది. చక్కెర కలిపిన అగర్ మాధ్యమంపై శిలీంధ్రం లేకుండానే ఆర్కిడ్ విత్తనాలు మొలకెత్తుతాయని 1922లో లూయిస్ నడ్సన్ నిరూపించడంతో ఈ స్థితి మారసాగింది. ఫిలిప్పీన్స్‌కు చెందిన వాండా శాండరియానాతో నీలి వాండాను సంకరపరచగా వచ్చిన ‘రాత్‌షిల్డియానా’ 1931లో నమోదై, పెద్ద పూలు గల నీలి సంకరాలకు మూలమైంది.

భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం నీలి వాండాను రక్షిత మొక్కల జాబితాలో చేర్చింది. అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో ఉన్న ఈ జాతిని, 2004 సమావేశంలో రెండవ అనుబంధానికి మార్చారు. నేటి పెంపకందారులు వాండాలను మట్టి లేని పట్టీల బుట్టల్లో, వేళ్లు బయటికి వేలాడేలా పెంచుతున్నారు. హుకర్ 1850లో గమనించిన గాలి అవసరం ఈ పద్ధతిలో చాలావరకు తీరుతోంది.