గుండ్లకమ్మ దగ్గర ఆగిన బాప్తిస్మాలు

వచ్చే నెల బాప్తిస్మాలకి పేర్లు అడిగితే మావాడు ఇవ్వలేదు. ఇంటికొచ్చాక, "అమ్మా, నువ్వు నమ్ముకున్నావని నేను నీళ్లలో దిగాలా?" అన్నాడు. ఇంటర్ చదివే పిల్లాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారి మా ప్రాంతపు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. మా రొంపిచెర్ల నుంచి ఒంగోలు వెళ్లే దారిలో గుండ్లకమ్మ దాటుతాం కదా, ఆ ఏటి సంగతి. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు, 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. అక్కడ వాక్యం విన్నవాళ్లు చాలామంది బాప్తిస్మం ఇమ్మన్నారు. ఆయన ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారో, దేవుడి కోసం వచ్చారో తేలాలి కదా!

సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఆ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది దొరగారు కాదు, మనదేశపు బోధకులు ఆరుగురు. 1883లో నరసరావుపేటలోనూ మిషన్ కేంద్రం వెలిసింది.

అంతటి ఆయనే ఆగితే, నాకెందుకు తొందర? పేరు సంగతి పక్కనపెట్టి, సాయంత్రాలు వాడితో కలిసి ప్రవక్తల గ్రంథాలు చదవడం మొదలుపెట్టాను.

యిర్మీయాని దేవుడు పిలిస్తే, నేను చిన్నవాణ్ణి, నాకు మాట్లాడటం రాదన్నాడు. తర్వాత దేవుడితోనే గొడవపడ్డాడు. అయినా దేవుడు వదిలేయలేదు. అది మావాడికి నచ్చింది. ఆమోసు దగ్గర ఇంకా ఆగిపోయాడు. పశువులు కాసుకుని, మేడిపండ్లు ఏరుకునే మనిషి ఆమోసు. బేతేలులో యాజకుడు వెళ్లిపొమ్మంటే, నేను ప్రవక్తనీ కాను, ప్రవక్త కొడుకునీ కానన్నాడు. అంటే ఆ పిలుపు ఇంట్లోంచి వారసత్వంగా వచ్చింది కాదు. బీదల్ని అణిచేవాళ్ల పాటలు దేవుడికి అక్కర్లేదని కూడా ఆయనే చెప్పాడు.

మావాడు కాసేపు ఊరుకుని, "మిరప కోతల్లో ఒకావిడకి సగం రోజు కూలి మనం బాకీ కదా" అన్నాడు. నేను మర్చేపోయాను. మర్నాడు వాడే వెళ్లి ఇచ్చొచ్చాడు.

పేరు మాత్రం ఇంకా ఇవ్వలేదు. నేనూ అడగటం లేదు.