గేటు ఎవరి చేతిలో

బొర్రా గుహల మీద ఏ కరపత్రం తిరగేసినా ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది: 1807లో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ ఈ గుహలను కనుగొన్నాడని. ప్రకటనల్లో, గైడ్ల నోట, వార్తాకథనాల్లో ఈ మాట ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ వచ్చారు. చిక్కేమిటంటే ఆ సంస్థ పుట్టిందే 1851లో. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త అందులో పనిచేసిన మాట నిజమే గాని, అది 19వ శతాబ్దం రెండో సగం సంగతి. ఇంకా పుట్టని సంస్థలో ఉద్యోగి ఎలా ఉన్నాడన్న అనుమానం ప్రచారం రాసేవాళ్లకు వచ్చినట్టు లేదు. అదే గుహ గురించి చుట్టుపక్కల ఊళ్లు చెప్పుకునే కథ వేరు. మేతకు వెళ్లిన ఆవు కొండమీది కంతలోంచి గుహలోకి జారిపడింది. వెతుక్కుంటూ దిగిన కాపరికి లింగంలాంటి రాయి కనిపించింది. ఆవు పొదుగు నుంచి గోస్తని నది పుట్టింది. ఇది పురాణమే, చరిత్ర కాదు. అయినా తప్పు తేదీ కంటే ఈ కథే నిజానికి దగ్గరగా ఉంది, ఎందుకంటే గుహలోకి మొదట దిగినవాడు ఆ కొండమీద పశువులు కాసుకునేవాడని అది ఒప్పుకుంటుంది. 'కనుగొన్నాడు' అన్న మాటలో అక్కడి కొండదొరలు, జాతాపులు, పోర్జాలు ఎవరూ లేరు. ఈ గుహలున్న అరకు, అనంతగిరి ప్రాంతంలో పర్యాటకం ఎలా నడిచిందో అర్థం కావాలంటే ఈ ఒక్క మాట దగ్గర మొదలుపెట్టడమే మేలు.

స్థానికులను కలుపుకొని పర్యాటకాన్ని ప్రణాళిక చేయాలని ఇవాళ అందరూ అంటారు. సభ పెట్టాలి, అభిప్రాయాలు తీసుకోవాలి, సంబంధం ఉన్న అందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టాలి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ మన్యం చరిత్ర చూస్తే తేలేది వేరు: నేలా, గేటూ ఎవరి పేరున ఉన్నాయన్నదే ఆ సభలో ఎవరి మాట చెల్లుతుందో నిర్ణయించింది. చట్టం గిరిజనుడి చేతికి పట్టు ఇచ్చిన చోట అతన్ని అడిగారు, ఇవ్వని చోట అతనికి చెప్పారు. అడగడానికీ చెప్పడానికీ మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసం విషయం.

ఈ కొండల్లోకి బయటివాళ్ల రాక ఎప్పుడూ ఎవరో దారి వేయడంతోనే మొదలైంది, ఆ దారి మాత్రం కొండవాళ్ల అవసరం కోసం పడింది కాదు. చలికాలం రాగానే తెల్లవారుజామున మంచు చూడటానికి కార్లు నర్సీపట్నం నుంచి లంబసింగికి బారులు తీరతాయి. ఆ దారికి వందేళ్ల కథ ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేసే పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత వెట్టి చేయించుకున్నాడు, రావలసిన కూలి ఎగ్గొట్టాడు. గిరిజన నాయకులైన గాం సోదరుల కోపానికి, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడటానికి వెనక ఉన్న కారణాల్లో ఆ రోడ్డు పని ఒకటి. పోడు మీద, అడవి మీద వచ్చిన ఆంక్షలు మిగతా కారణాలు. ఇక రైలు. కొత్తవలస – కిరండూల్ మార్గం 1960ల్లో పడింది, బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు చేర్చడానికి. 50కి పైగా సొరంగాలు తొలిచి, 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ దాకా ఎక్కించిన ఈ లైను మీద ప్రయాణికుల బండి ఖనిజం బండ్లకు దారి ఇచ్చి, వీలు చూసుకుని నడిచేది. అదే లైను మీద 2017లో అద్దాల పెట్టె తగిలించి పర్యాటకులకు లోయలు చూపించడం మొదలుపెట్టారు. ఖనిజం కోసం తొలిచిన కొండే టికెట్టు పెట్టి చూపించే దృశ్యమైంది. దీన్ని తప్పు పట్టనవసరం లేదు, రైలు రైలే. కానీ రోడ్డు, రైలు రెండూ పైనుంచి వచ్చాయి, రెండింటి రాబడీ కిందికే దిగిపోయింది.

దారులు ఇలా ఉంటే చట్టం మరో వైపు నడిచింది. 1839 చట్టంతో గంజాం, విశాఖ ఏజెన్సీలను మామూలు కోర్టుల నుంచి తప్పించి కలెక్టరు చేతికిచ్చారు, అది ప్రేమతో చేసింది కాదు, తిరుగుబాట్ల భయంతో చేసింది. 1917 చట్టం ఏజెన్సీ భూములు మైదాన ప్రాంతపు షావుకారు చేతికి పోకుండా తొలిసారి అడ్డుగోడ కట్టింది. 1959 నాటి భూబదలాయింపు 1వ రెగ్యులేషన్, దానికి 1970లో జరిగిన సవరణ ఆ గోడను బాగా ఎత్తు పెంచాయి. గిరిజనేతరుడి చేతిలో ఉన్న ఏజెన్సీ భూమి గిరిజనుడి నుంచి వచ్చినదేనని ముందు అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత ఆ గిరిజనేతరుడిదే. ఇంత గట్టి చట్టం దేశంలో అరుదు. అయినా ఒక కంత మిగిలింది: ప్రభుత్వమే లీజుకిస్తే? బొర్రా అడవిలోనూ చుట్టుపక్కలా కలిపి అనంతగిరి మండలంలోని 14 గిరిజన గ్రామాల్లో కాల్సైట్ వంటి ఖనిజాల తవ్వకానికి ప్రైవేటు సంస్థలకు లీజులు అలాగే దక్కాయి. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇద్దరి మెజారిటీతో తీర్పు చెప్పింది. రెగ్యులేషన్‌లోని 'వ్యక్తి' అన్న మాటలో ప్రభుత్వమూ ఉంది, కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదు. గిరిజనుల సహకార సంఘాలు, ప్రభుత్వ సంస్థలు తవ్వుకోవచ్చు. తవ్వితే నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు అభివృద్ధికి పక్కన పెట్టాలి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాలి. సమత కేసు నడిచిన 1990ల్లోనే బొర్రా గుహల నిర్వహణ రాష్ట్ర పర్యాటక సంస్థ చేతిలో స్థిరపడింది. మెట్లు కట్టారు, రంగు దీపాలు పెట్టారు, గేటు పెట్టారు. స్థానిక యువకులు కొందరు గైడ్లయ్యారు, అది చిన్న విషయం కాదు. అయినా ఒకే మండలంలో, ఒకే దశాబ్దంలో రెండు రకాల న్యాయం కనిపిస్తుంది. కొండను పగలగొట్టి అమ్ముకుంటే ఊరికి వాటా ఉండాలని అత్యున్నత న్యాయస్థానం అంది. అదే కొండను చూపించి టికెట్టు అమ్ముకుంటే వాటా ఎంత అన్న ప్రశ్న అదే బలంతో ఏ కోర్టులోనూ లేవలేదు. టికెట్టు డబ్బు పర్యాటక సంస్థ లెక్కలో పడుతుంది. ఊరికి ఏమైనా అందితే అది ఇచ్చేవాడి దయ, పుచ్చుకునేవాడి హక్కు కాదు.

పర్యాటకం తవ్వకం కాదు కదా, రాయి రాయిలాగే ఉంటుంది, రెండింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం అనవచ్చు. సగం ఒప్పుకోవలసిందే, పర్యాటకుడు కొండను లారీలో ఎత్తుకుపోడు. మిగతా సగం గుహలోకి దిగితే తెలుస్తుంది. సున్నపురాతి గుహలో కప్పు నుంచి జారే చుక్క తనలో కరిగిన సున్నాన్ని కాస్త కాస్త వదిలి రాతి ఊడలు కడుతుంది, వేలెడు ఊడకు తరాలు పడతాయి. చెయ్యి తగిలితే ఆ చేతి జిడ్డు చాలు, చుక్క అక్కడ సున్నం వేయడం మానేయడానికి. ఎప్పుడూ చీకటి ఉండవలసిన చోట గంటల తరబడి దీపం వెలిగితే ఆ దీపం చుట్టూ రాయి మీద ఆకుపచ్చ పాచి పడుతుంది. వేల మంది ఊపిరితో గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహను 1948లో జనానికి తెరిచి 1963లో మూసేయడానికి కారణం ఇలాంటివే. గుహ కూడా ఖర్చవుతుంది, నెమ్మదిగా. ఆ ఖర్చు ఎవరికి తగులుతుంది? ఒకసారి వచ్చి వెళ్లేవాడికి కాదు. రోజుకు ఎంతమందిని పంపాలి, దీపాలు ఎప్పుడు ఆర్పాలి అన్న నిర్ణయం ఏడాది చివర ఆదాయం చూపించవలసిన సంస్థ చేతిలో ఉన్నంత కాలం మనుషుల సంఖ్య పెరగడమే విజయంగా లెక్కకొస్తుంది. మనుమల కాలానికీ గుహ ఉండాలనుకునేవాళ్లకు గేటు మీద కొంతైనా పట్టు ఉంటే లెక్క మారే అవకాశం ఉంది. తప్పకుండా మారుతుందని చెప్పను. అవకాశం అంటున్నాను, అంతే.

రెండో అభ్యంతరం పెట్టుబడిది. భూబదలాయింపు చట్టం ఉన్నంతకాలం అరకులో మంచి హోటల్ రాదు, హోటల్ రాకపోతే ఉద్యోగాలు రావు, చట్టమే గిరిజనుడి కడుపు కొడుతోందని విశాఖలో చాలామంది నమ్మకంగా చెబుతారు. అరకు రోడ్డు వెంట లాడ్జీలు చూసినవారికి ఈ వాదం ఎక్కడ తేలిపోతుందో తెలుస్తుంది. పెట్టుబడి వస్తూనే ఉంది, కాకపోతే దొడ్డిదారిన. కాగితం మీద గిరిజనుడి పేరు, గల్లా పెట్టె దగ్గర మరొకరు. బినామీ అన్న మాట ఏజెన్సీలో అందరికీ తెలిసిందే. కాబట్టి చట్టం పెట్టుబడిని ఆపడం లేదు, సగం తెరిచిన తలుపులోంచి దొంగచాటుగా రానిస్తోంది. దీనికి మందు తలుపు పీకేయడం అనుకుంటే 1917కు ముందు షావుకారు అప్పుల కాలానికి వెళ్లడమే. సమత తీర్పే దారి చూపింది: గిరిజనుల సహకార సంఘం యజమానిగా ఉండి, బయటి సంస్థ నైపుణ్యాన్ని, అప్పును, మార్కెట్‌ను తేవచ్చు. కాఫీలో ఇలాంటిది జరిగింది. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చేనాటికి ఆ మొక్కలు సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగలతో కలిసి గిరిజన రైతుల చిన్న చిన్న కమతాల్లోనే పెరుగుతున్నాయి. కొనేవాడు పారిస్ నుంచి వచ్చినా కొండ మీదికే రావాలి, రైతుతోనే మాట్లాడాలి. ధరలో మోసం లేదని కాదు, దళారులు లేరనీ కాదు. కానీ బేరం ఆడటానికి రైతు చేతిలో చెట్టు ఉంది. గుహ ముందు నిలబడ్డ ఊరి చేతిలో ఏముంది?

అన్నిటికంటే గట్టి అభ్యంతరం మూడోది. కలుపుకోవాలంటున్న ఆ స్థానిక 'సమాజం' అనేది ఎక్కడుంది? రోడ్డు పక్క ఊరికి టీకొట్టు, జీపు, దుకాణం దొరుకుతాయి. రెండు కొండల అవతలి ఊరికి దొరికేది చెత్త, ఎండిన ఊట. ఒకే ఊళ్లో రెండు తెగలుంటాయి, సర్పంచ్ మాటకూ ఆడవాళ్ల మాటకూ పొత్తు కుదరదు. నిజమే, ఊరంటే ఒక్క గొంతు అనుకోవడం పట్నం వాళ్ల భ్రమ. అందుకే 1996 నాటి పెసా చట్టం గ్రామం అన్న మాటకు రెవెన్యూ లెక్కలు వదిలేసి వేరే అర్థం చెప్పింది: తమ ఆచారాల ప్రకారం తమ పనులు చక్కబెట్టుకునే ఆవాసం లేదా ఆవాసాల గుంపు గ్రామం, దాని గ్రామసభే నిర్ణయం తీసుకోవాలి. దాన్ని నడిపించే నియమాలు ఆంధ్రప్రదేశ్‌లో 2011లో గాని రాలేదు. అంటే చట్టానికీ ఆచరణకూ మధ్య పదిహేనేళ్లు జారిపోయాయి. ఊళ్లో తగాదాలు ఉండటం గ్రామసభ వద్దనడానికి కారణం కాదు. తగాదా బయటపడి తేలవలసిన చోటే అది.

1969లో షెర్రీ ఆర్న్‌స్టైన్ అనే అమెరికన్ రచయిత్రి ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనతో పోల్చింది. అభిప్రాయం అడగడం అందులో నాలుగో మెట్టు, అధికారం పంచుకోవడం ఆరో మెట్టు నుంచి మొదలవుతుంది. మన ప్రణాళికల్లో ఎక్కువ భాగం నాలుగో మెట్టు మీదే ఫొటో దిగి ఆగిపోతాయి. మారేడుమిల్లి దగ్గర వాలమూరులో వన సంరక్షణ సమితి అటవీ శాఖతో కలిసి నడిపే విడిది దాన్ని దాటే ప్రయత్నం. గుడారాలు, వంట, కాపలా ఊరివాళ్ల చేతిలో ఉంటాయి. అయితే అడవి శాఖది, సమితి శాఖ నీడలోనే ఉంది. అది ఐదో మెట్టా ఆరో మెట్టా అని వాదించుకోవచ్చు. కానీ అక్కడ తిన్న భోజనం డబ్బు వండినవాళ్ల ఊరికి చేరుతుంది.

డబ్బు ఎక్కడికి పోతుందో తేటగా చూపేది మాత్రం ఘాట్ రోడ్డు పక్కన పొయ్యి. పచ్చి వెదురు బొంగులో ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె అక్కర్లేదు, బొంగులోని చెమ్మతోనే ఉడుకుతుంది. చీల్చి ఆకులో ఒంపగానే పొగ వాసన, వెదురు వాసన కలిసి వస్తాయి. ఈ బొంగుకూ ఒక చట్టపు చరిత్ర ఉంది. పాత అటవీ చట్టాల కింద వెదురు చెట్టు లెక్కలోకి వచ్చేది, కొట్టినవాడు నేరస్థుడు. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చాక హక్కున్న గిరిజనుడు దాన్ని కోసి అమ్ముకోవచ్చు. ఈ కొండల్లో ఎక్కువమందికి రోజూ అందే పర్యాటక సంపాదన ఏదంటే నా లెక్కలో ఈ పొయ్యే ముందుంటుంది. దీన్ని ఏ ప్రణాళికా రాయలేదు. ముడి సరుకు మీద హక్కు వచ్చింది, మిగతాది ఆడవాళ్లూ కుర్రాళ్లూ చూసుకున్నారు.

చైత్రంలో ఈ కొండల్లో ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, పాటలు పాడుతూ, వచ్చే ప్రతి బండినీ ఆపి పజోరు అనే పండగ కానుక అడుగుతారు. పర్యాటకుల కార్లు, లారీలు, బస్సులు అన్నీ ఆగుతాయి. ఎంతో కొంత చేతిలో పెడితే కర్ర లేస్తుంది. విసుక్కునేవాళ్లు విసుక్కుంటారు, నవ్వి ఇచ్చేవాళ్లు ఇస్తారు. పండగ అయిపోగానే కర్ర తీసేస్తారు, బొర్రా దగ్గర టికెట్టు గేటు మాత్రం మర్నాడు పొద్దున్నే మామూలుగా తెరుచుకుంటుంది.